బేసిన్‌లో నీళ్ళు తిప్పి చూడండి

విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం ఇచ్చిన ప్రసంగం పాఠం

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్‌కి వెళ్ళకుండా ఇక్కడికి వచ్చారు. చాలా సంతోషం.

నేను భీమిలి దగ్గర ఒక రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్‌ని. పన్నెండేళ్ళుగా అదే పని. తెల్లవారుజామున నాలుగున్నరకి ట్యాంకుల దగ్గర రౌండు వేస్తాం. గాలి సరిగ్గా అందుతోందా, నీళ్ళలో ఉప్పు ఎంత ఉంది, పిల్ల మేత తింటోందా అని చూసుకోవాలి. సరిగ్గా ఆ వేళకే, మన గడియారంలో 4:35కి, అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7:05 అవుతుంది. న్యూయార్క్‌లోనో బాల్టిమోర్‌లోనో బేస్‌బాల్ మ్యాచ్ మొదలవుతుంది. నేను రౌండు ముగించి టీ గ్లాసు పట్టుకుని కూర్చునేసరికి రెండో ఇన్నింగ్సో మూడో ఇన్నింగ్సో నడుస్తుంటుంది. పశ్చిమ తీరం మ్యాచ్‌లైతే మనకి ఉదయం ఏడూ నలభైకి. అంటే నేను డ్యూటీ దిగి ఇంటికి బయల్దేరే టైమ్.

ఎనిమిదేళ్ళుగా నేను ఒక ఫ్యాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో జట్టు నడుపుతున్నాను. మొత్తం పన్నెండు జట్లు, పన్నెండుమంది ఓనర్లు. విశాఖలో నలుగురం, హైదరాబాద్‌లో ఇద్దరు, మిగతావాళ్ళు డల్లాస్, న్యూజెర్సీల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళే. మొదట్లో మా నాన్న విసుక్కునేవారు. "ఏట్రా, తెల్లారకముందే ఆ ఫోనేటి?" అనేవారు. ఇప్పుడు ఆయనే పొద్దున్న అడుగుతారు, "మనోడు ఏటి కొట్టేడు?" అని.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే అమెరికన్ రచయిత, ఆయన మిత్రులు కలిసి ఈ పద్ధతి మొదలుపెట్టారు. వాళ్ళు కలుసుకునే న్యూయార్క్ రెస్టారెంట్ పేరు మీదే దీనికి రొటిస్సరీ లీగ్ అని పేరొచ్చింది. నిజంగా ఆడుతున్న ఆటగాళ్ళను మనం వేలంలోనో వంతులవారీగానో ఎంచుకుంటాం. వాళ్ళు మైదానంలో చేసిందే మన ఖాతాలో పడుతుంది. బ్యాటింగ్‌లో అయిదు లెక్కలు: రన్స్, హోమ్‌రన్లు, ఆర్‌బీఐలు (తన బ్యాట్ వల్ల జట్టుకి వచ్చిన పరుగులు), దొంగిలించిన బేస్‌లు (ఎవరూ బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరడం), బ్యాటింగ్ సగటు. పిచింగ్‌లో, అంటే మన బౌలింగ్ లాంటిదానిలో, అయిదు: గెలుపులు, సేవ్‌లు (ఆఖర్లో వచ్చి గెలుపు నిలబెట్టడం), స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం), ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చిన పరుగుల సగటు), విప్ (ఒక్కో ఇన్నింగ్స్‌కి ఇచ్చిన హిట్లు, వాక్‌లు). ఒక్కో లెక్కలో మొదటి స్థానానికి 12 పాయింట్లు, ఆఖరి స్థానానికి 1. అన్నిట్లోనూ మొదట నిలిస్తే 120. అలా నిలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మాది డైనస్టీ లీగ్. అంటే ఏడాది అయిపోగానే జట్టు చెదిరిపోదు. ఒకసారి తీసుకున్న ఆటగాణ్ణి మనం వదిలేదాకా మన దగ్గరే ఉంచుకోవచ్చు. పెద్ద లీగ్‌లో ఆడేవాళ్ళు 25 మంది, ఇంకా కింది లీగ్‌లలో ఎదుగుతున్న కుర్రాళ్ళు 15 మంది. ఈ 15 మందినీ ప్రాస్పెక్టులు అంటాం. నేను ఇవాళ మాట్లాడదామనుకున్నది వీళ్ళ గురించే. పెద్ద ఆటగాళ్ళను ఎంచుకోవడం ఎవరైనా నేర్చుకుంటారు. పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి తీసుకుని, నాలుగేళ్ళు ఎదురుచూసి, వాడు నిలబడతాడో లేదో ముందే పసిగట్టడం వేరే విద్య.

ఆ పెద్ద లీగ్‌లో, అంటే మేజర్ లీగ్‌లో, 30 జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టు కింద నాలుగు మెట్లు ఉంటాయి: సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. ఇంకా కింద కొత్త కుర్రాళ్ళ లీగ్‌లు ఉన్నాయి. 2021లో ఈ వ్యవస్థను కుదించి నాలుగు మెట్లకు కలిపి 120 జట్లు చేశారు. అందరూ ఒక్కో మెట్టూ ఎక్కి రావాల్సిందే. ఎక్కడానికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోతారు.

నేను పెద్దగా పుస్తకాలు చదివి నేర్చుకున్నవాణ్ణి కాదు. నాకు ఇది మా హేచరీ ట్యాంకుల దగ్గర అర్థమైంది. ఆ సంగతి చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

ఒక తల్లి వనామీ రొయ్య ఒక్కసారికి లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలి బయటికొచ్చినదాన్ని నాప్లీ అంటాం. అది ఏమీ తినదు. పుట్టుకతో ఒంట్లో ఉన్న పచ్చసొన మీదే రెండ్రోజులు బతుకుతుంది. ట్యాంకులోకి టార్చ్ కొడితే చాలు, వెలుతురు వైపు గుంపుగా వచ్చేస్తాయి. చూస్తే కళ్ళు నిండిపోతాయి. అన్నీ బతికేస్తాయనిపిస్తుంది. తర్వాత దశ జోయా. ఇక్కడ మొదటిసారి బయటి మేత తినాలి, మేం పెంచి వేసిన నాచు తినాలి. పచ్చసొన అయిపోయింది, నోరు తెరిచి తినడం రావాలి. చాలా ట్యాంకులు పోయేది ఇక్కడే. రాత్రి బాగున్న ట్యాంకు తెల్లారేసరికి అడుగున పడి ఉంటుంది. జోయా దాటితే మైసిస్, అది దాటితే పీఎల్, అంటే పోస్ట్‌లార్వా, చెరువులో వేసే పిల్ల. అప్పుడు గానీ రైతుకి ఇవ్వం.

బేస్‌బాల్‌లో డబుల్-ఏ అంటే మా జోయా దశే. సింగిల్-ఏలో కుర్రాడు పుట్టుకతో వచ్చిన బలం మీద నెట్టుకొస్తాడు. చెయ్యి వేగం, కాలి వేగం, భుజంలో సత్తువ. అక్కడి పిచర్లు చాలామంది వేగంగా వేయగలరు గానీ అనుకున్నచోట వేయలేరు. కాబట్టి గట్టిగా ఊపితే బంతి బయటికెళ్ళిపోతుంది. డబుల్-ఏకి వచ్చాక పిచర్ వంకర బంతిని కూడా కావాల్సినచోట పడేస్తాడు. ఈ కుర్రాడికి ఏ బంతి ఆడటం రాదో రెండు వారాల్లో లీగంతా తెలిసిపోతుంది. పచ్చసొన అయిపోయింది. ఇక బయటి మేత తినాలి, అంటే కొత్తది నేర్చుకోవాలి. అందుకే నేను సింగిల్-ఏ అంకెలు చూసి ఎవరికీ పెద్ద ధర పెట్టను. డబుల్-ఏలో మూడు నెలలు నిలిచినవాడి మీద నమ్మకం పెట్టుకుంటాను.

ఇందులోనే వయసు లెక్క కూడా ఉంది. డబుల్-ఏలో ఎక్కువమందికి 22 నుంచి 25 ఏళ్ళుంటాయి. అక్కడ 19 ఏళ్ళవాడు 250 సగటుతో, అంటే వెయ్యిసార్లు ఆడితే 250 హిట్లతో, ఆడుతున్నాడంటే, 25 ఏళ్ళవాడు 310తో ఆడుతున్నదానికంటే నాకు వాడే ముద్దు. తమ్ముళ్ళూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. అంకె పక్కన వయసు లేకపోతే ఆ అంకె సగమే. అలాగే ఊరు కూడా చూడాలి. ట్రిపుల్-ఏలో లాస్ వేగస్, ఆల్బకర్కీ లాంటి ఊళ్ళు ఎత్తు మీద ఉంటాయి, గాలి పలచన, బంతి దూరం పోతుంది. అక్కడ కొట్టిన హోమ్‌రన్లలో కొన్ని పక్కన పెట్టి లెక్కేసుకోవాలి.

ఆటగాళ్ళను చూసి అంచనా వేసే స్కౌట్లు ఒక్కొక్కరికి 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 అంటే మేజర్ లీగ్‌లో సగటు ఆటగాడు. బంతిని తగిలించడం, బలం, పరుగు, ఫీల్డింగ్, విసురు, ఈ అయిదింటికీ విడివిడిగా మార్కులుంటాయి. మన లెక్కల్లోకి ఫీల్డింగ్ రాదు కదా అని కొత్తవాళ్ళు వదిలేస్తారు. వదలకండి. ఫీల్డింగ్ బాగా చేసేవాడికి బ్యాటింగ్ సరిగ్గా రాకపోయినా జట్టు చోటిస్తుంది. ఆ చోటులోనే వాడు నేర్చుకుంటాడు. ఫీల్డింగ్ రానివాడికి నెల్లాళ్ళు బ్యాట్ మోగకపోతే ఇంటికే.

ఆ ఫీల్డింగ్ విలువ తెలియకే నేను పెద్ద తప్పు చేశాను. పీట్ క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్ అని సెంటర్ ఫీల్డర్ ఉన్నాడు. 2020 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే చోట, న్యూయార్క్ మెట్స్ వాళ్ళు 19వ వాడిగా తీసుకున్నారు. 2021లో ఆరు మ్యాచ్‌లు ఆడి భుజానికి దెబ్బ తగిలి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ జులైలోనే మెట్స్ అతన్ని చికాగో కబ్స్‌కి ఇచ్చేసి హావియెర్ బాయెజ్‌ని తెచ్చుకున్నారు. నేను ఆ చలికాలంలోనే ఇతన్ని నా ప్రాస్పెక్టుల్లోకి తీసుకున్నాను. ఫీల్డింగ్ అద్భుతం అని అందరూ రాస్తున్నారు, నేను మాత్రం కాళ్ళ వేగం చూసి తీసుకున్నాను. 2023 సెప్టెంబరులో పైకి పిలిచారు. 14 సార్లు బ్యాటింగ్ చేసి ఒక్క హిట్ కూడా లేదు. 2024లో మొదటి సగమంతా తడబడ్డాడు. మా లీగ్‌లో నేను మూడో స్థానంలో ఉన్నాను, కప్పు అందేలా ఉంది, రోజూ ఆ సగటు చూస్తుంటే టెన్షన్. జూన్ చివర్లో ఒక రాత్రి, ట్యాంకు పక్కన స్టూలు మీద కూర్చునే, అతన్ని ఇచ్చేసి ముప్పై నాలుగేళ్ళ ఫస్ట్ బేస్‌మన్‌ని తెచ్చుకున్నాను. బటన్ నొక్కడానికి ఒక్క సెకను పట్టింది.

ఆ ఏడాది రెండో సగంలోనే అతని బ్యాటింగ్ మారడం మొదలైంది. 2025లో 31 హోమ్‌రన్లు, 35 దొంగిలించిన బేస్‌లు. అవన్నీ డల్లాస్‌లో ఉన్న మా బావమరిది జట్టులో పడ్డాయి. నేను 2024లో కూడా మూడో స్థానంలోనే ఆగాను.

ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఆటగాణ్ణి పోగొట్టుకున్నందుకు కాదు, చూడాల్సినది చూడనందుకు. సగటు చూశాను. సగటు వెనకాల ఏం జరుగుతోందో చూడలేదు. అంత తడబడుతున్నా కబ్స్ అతన్ని రోజూ ఎందుకు ఆడిస్తున్నారని నన్ను నేను అడగలేదు. సెంటర్ ఫీల్డ్‌లో అతని సాటి లేరు కాబట్టి ఆడిస్తున్నారు. అంటే నేర్చుకోవడానికి అతనికి ఎంత టైమైనా ఉంది. ఆ టైము నేనివ్వలేదు.

దీని తర్వాత కొన్ని నెలలకి పశ్చిమ గోదావరి నుంచి ఒక రైతు సీడు కొనడానికి వచ్చారు. పెద్దాయన, అరవై దాటాయి. నేను ట్యాంకు చూపించి బాగుందండీ అన్నాను. ఆయన నవ్వి, "ట్యాంకులో సూత్తే అన్నీ బాగానే ఉంటాయండి. ఓపాలి నీళ్ళు తిప్పండి" అన్నారు. తెల్ల బేసిన్‌లో కాసిని పిల్లల్ని పోసి, చేత్తో నీళ్ళు గుండ్రంగా తిప్పాను. ఇది మేం రోజూ చేసేదే, కొత్తేం కాదు. కానీ ఆ రోజు వేరేగా కనబడింది. నీళ్ళు సుడి తిరుగుతుంటే బలమైన పిల్ల వాలుకి కొట్టుకుపోదు. తల ఎదురు తిప్పి ఈదుతుంది, ఈదుతూ బేసిన్ అంచుకి చేరుతుంది. నీరసంగా ఉన్నది సుడితోపాటు తిరిగి తిరిగి మధ్యలో కుప్పపడుతుంది. నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయి. వెంట్రుకంత సన్నం, గాజులా ఒళ్ళు, నల్ల చుక్కల్లాంటి కళ్ళు. తేడా ఏమీ లేదు. నీళ్ళు తిరిగాకే తెలిసింది.

అప్పటినుంచి నేను ప్రాస్పెక్టుని బాగా ఆడుతున్నప్పుడు అంచనా వేయడం మానేశాను. మొదటిసారి దెబ్బ తిన్నాక ఏం చేస్తున్నాడో చూస్తాను. మైక్ ట్రౌట్‌ని 2009 డ్రాఫ్ట్‌లో 24 మందిని తీసుకున్నాక గానీ ఎవరూ తీసుకోలేదు. 2011లో పైకి వచ్చి 40 మ్యాచ్‌ల్లో 220 సగటుతో ఆడాడు. మరుసటి ఏడాది 326 సగటు, 30 హోమ్‌రన్లు, 49 దొంగిలించిన బేస్‌లు. జాక్సన్ హాలిడేని 2022లో మొదటివాడిగా తీసుకున్నారు. 2024 ఏప్రిల్‌లో పైకొచ్చి 34 సార్లు బ్యాటింగ్ చేస్తే రెండే హిట్లు. కిందికి పంపారు. జులై ఆఖర్లో తిరిగొచ్చిన రోజే గ్రాండ్ స్లామ్, అంటే మూడు బేస్‌లూ నిండి ఉండగా హోమ్‌రన్, కొట్టాడు. కిందపడ్డది ఇద్దరూ పడ్డారు. నేను చూసేది మధ్య నెలల్ని. స్ట్రైకౌట్లు తగ్గుతున్నాయా, వదిలేయాల్సిన బంతుల్ని వదులుతున్నాడా, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలి ఊరికే మొదటి బేస్‌కి వెళ్ళడం) పెరుగుతున్నాయా. సగటు పెరగడానికి ముందే ఇవి కదులుతాయి.

మన ఊళ్ళోనే చూడండి. కె.ఎస్. భరత్ 2015లో రంజీలో 308 కొట్టాడు. వికెట్ కీపర్ ట్రిపుల్ సెంచరీ చేయడం రంజీలో అదే మొదటిసారి. టెస్ట్ క్యాప్ వచ్చింది 2023 ఫిబ్రవరిలో. ఎనిమిదేళ్ళు. నితీశ్ కుమార్ రెడ్డి కోసం వాళ్ళ నాన్నగారు హిందుస్తాన్ జింక్ ఉద్యోగమే వదులుకున్నారు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబరులో దిగి 114 కొట్టినప్పుడు స్టాండ్‌లో ఆయన కన్నీళ్ళు మనమందరం టీవీలో చూశాం. ప్రాస్పెక్ట్ అంటే ఏమిటో విశాఖవాళ్ళకి నేను వివరించక్కర్లేదు.

పిచర్ల గురించి ఒక మాట. పిచింగ్ ప్రాస్పెక్ట్ అనేవాడే లేడు అని ఈ ఆటలో పాత సామెతలాంటి మాట ఉంది. అంత వేగంగా వేస్తుంటే చేతులు ఎక్కువకాలం నిలవవు. 1991లో మొదటివాడిగా ఎంపికైన బ్రయాన్ టేలర్ భుజం దెబ్బతిని మేజర్ లీగ్ మెట్టే ఎక్కలేదు. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2010 జూన్‌లో మొదటి మ్యాచ్‌లోనే 14 మందిని స్ట్రైకౌట్ చేశాడు, ఆగస్టుకి మోచేయి పోయింది. వస్తూనే రాణించిన పాల్ స్కీన్స్ లాంటి పిచర్ ఎప్పుడో ఒకడు వస్తాడు. నా 15 మందిలో పిచర్లు నలుగురికి మించరు.

రోజువారీ పని గురించి ఎక్కువ చెప్పను, అది ఓపికే. రేపు ఏ పిచర్ వేస్తున్నాడో రాత్రి పడుకునేముందు చూసుకోండి. మన రాత్రి అమెరికాలో పగలు అన్నది మర్చిపోకండి. గాయమైనవాణ్ణి గాయాల జాబితాలోకి మార్చకుండా వారం ఖాళీగా ఉంచితే ఏడాది ఆఖర్లో అర పాయింటు తేడాతో ఓడిపోతారు. సేవ్‌ల కోసం పెద్ద ధర పెట్టకండి, క్లోజర్లు, అంటే ఆఖర్లో వచ్చి ఆ సేవ్‌లు చేసే పిచర్లు, ఏడాది మధ్యలో మారుతూనే ఉంటారు. ఇంకొకటి: మీ జట్టు ఈ ఏడాది గెలిచేదా, మూడేళ్ళ తర్వాత గెలిచేదా అన్నది మే నెలాఖరుకి నిజాయితీగా తేల్చుకోండి. తేల్చుకోని ఓనరే రెంటికీ చెడతాడు. నేను 2024లో చెడ్డట్టు.

ఇప్పుడు నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. మామూలు లాంగ్ నోట్‌బుక్, హేచరీలో నీటి లెక్కలు రాసుకునేలాంటిదే. ఒక్కో కుర్రాడికి ఒక్కో పేజీ. తీసుకున్న తేదీ, వయసు, మెట్టు. దాని కింద ఒకే వాక్యం: దేనికోసం ఎదురుచూస్తున్నాను. ఉదాహరణకి, "వంద సార్లు బ్యాటింగ్‌కి వస్తే ముప్పైసార్లు స్ట్రైకౌట్ అవుతున్నాడు, జూన్ ఆఖరికి ఇరవై అయిదుకి రావాలి." ఆ వాక్యం రాయలేకపోతే ఆ కుర్రాణ్ణి తీసుకోను. నెలకోసారి అంకె వేస్తాను. కప్పు దగ్గరపడి చెయ్యి దురద పుట్టినప్పుడు ముందు ఆ పేజీ తెరుస్తాను, తర్వాతే ఫోన్.

ఆ పుస్తకంలో ఒక పేజీ నాకు ప్రాణం. అర్జున్ నిమ్మల. తెలుగు తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టి పెరిగిన షార్ట్‌స్టాప్. 2023లో పదిహేడేళ్ళకి టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండులో, 20వ వాడిగా తీసుకున్నారు. 2024లో సింగిల్-ఏ డన్‌ఈడిన్‌లో మొదట చాలా ఇబ్బంది పడ్డాడు. జట్టు అతన్ని కొన్ని వారాలు మ్యాచ్‌ల నుంచి తప్పించి, సాధన చేయించి మళ్ళీ దింపింది. వచ్చాక హోమ్‌రన్లు కొట్టాడు. 2025లో 19 ఏళ్ళకి హై-ఏ వాంకూవర్. తెలుగువాడని తీసుకున్నావా అని మా లీగ్‌లో అడిగారు. అవును, తెలుగువాడని పేజీ తెరిచాను. పేజీ మూయకుండా ఉంచింది మాత్రం ఆ కొన్ని వారాల తర్వాత అతను ఆడిన ఆట.

ప్రశ్నలుంటే అడగండి.

ఒక అమ్మగారు: బాబూ, ఇందులో డబ్బులు పెడతారా? మా అబ్బాయి క్రికెట్ యాప్‌లో పోగొట్టుకున్నాడు.

లేదమ్మా. మా లీగ్‌లో రూపాయి కూడా లేదు, గెలిచినవాడికి ఒక స్టీలు కప్పు, దాని మీద పేరు చెక్కిస్తాం, అంతే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే మన రాష్ట్రం నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. డబ్బు ఉన్నచోట ఎవరూ నాలుగేళ్ళు ఎదురుచూడరమ్మా, ఆ రాత్రికే తేలిపోవాలంటారు. మీ అబ్బాయిని ఒకసారి నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను.

ఒక మాస్టారు: ఎదురుచూడటం సరే, వదిలేయాల్సింది ఎప్పుడు?

మాస్టారూ, జోయా ట్యాంకు పోతోందని తెలిస్తే మేం ఇంకో రోజు చూద్దాం అని ఉంచం. మైక్రోస్కోప్ కింద పది పిల్లల్ని చూస్తాం. పొట్ట ఖాళీగా ఉందా, మేత గీత కనబడుతోందా అని. పదిలో ఎనిమిదింటి పొట్ట ఖాళీగా ఉంటే క్లోరిన్ వేసి ట్యాంకు ఖాళీ చేసేస్తాం. ఉంచితే పక్క ట్యాంకులకీ పాకుతుంది. కుర్రాడి విషయంలోనూ నేను అదే చూస్తాను. ఓడిపోవడం కాదు, మేత తింటున్నాడా లేదా. పేజీలో రాసుకున్న అంకె రెండు సీజన్లు కదలకపోతే, వయసు మెట్టుని దాటిపోతే, వదిలేస్తాను. పోయిన మార్చిలో అలా ముగ్గుర్ని వదిలాను. ఒకణ్ణి అయిదేళ్ళు ఉంచుకున్నాను. అతని పేజీ చింపలేదు, తేదీ వేసి అడ్డంగా ఒక గీత గీశాను. ఆ తేదీ పక్కన ఆఖరి నెల స్ట్రైకౌట్ల అంకె కూడా రాశాను. రేపు అతను ఎక్కడైనా లేచి నిలబడితే నేను ఏం చూడలేదో వెతుక్కోవడానికి అది కావాలి.